పొద్దున్నే వెళ్లి సాయంత్రానికొచ్చేద్దాం

కోనసీమలో పుట్టిపెరిగిన మనిషికి ఎత్తంటే ఏటిగట్టే. అంతకంటే ఎత్తు చూడాలంటే కొబ్బరిచెట్టెక్కాలి; ఆ పనికి వేరే మనిషున్నాడు. అందుకే కార్తీకంలో ఎవరో ఒకరు "మారేడుమిల్లి పోదాం, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికొచ్చేద్దాం" అనగానే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటుంది. లెక్క బావగారు వేళ్లమీదే తేల్చేస్తారు. అమలాపురం నుంచి రాజమండ్రి ఓ 65, అక్కణ్నుంచి మారేడుమిల్లి ఓ 85, వెరసి 150 కిలోమీటర్లు. గంటకి 50 వేసుకున్నా మూడు గంటలు. నాలుగింటికి బయల్దేరితే ఏడింటికి కొండమీద కాఫీ.

బావగారి కూడిక తప్పు కాదు. కాకపోతే అందులో మనుషుల్లేరు. కొండ ఊరికి ఒక్కరోజు ప్రయాణం కొండమీద పాడవదు, గౌతమి వంతెన దాటేలోపే సగం పాడైపోతుంది.

మొదటి చిక్కు నెల దగ్గరే. కార్తీకంలో తెల్లారగట్ల కాలవలో దీపం వదలకుండా పిన్నిగారు గడప దాటరు. పైగా మారేడుమిల్లి అంటే బొంగు చికెన్, కార్తీకమంటే ఇంట్లో సగం మంది నీచు ముట్టరు. ముట్టని నెల చూసుకుని మరీ తినడానికి బయల్దేరుతున్నారన్నమాట. మార్గశిరం దాకా ఆగొచ్చు కదా అంటే, వనభోజనాలు కార్తీకంలోనే చెయ్యాలి అంటారు.

రెండోది స్నానాలు. పన్నెండు సీట్ల వ్యాను, పద్నాలుగు మంది, రెండు బాత్రూములు. మనిషికి పది నిమిషాలే వేసుకున్నా గంటా పది నిమిషాలు. ఆ ఇంట్లో పది నిమిషాల్లో బయటికొచ్చే మనిషి ఒక్కడే, వాడికి ఆరేళ్లు, వాడు నీళ్లు పోసుకోలేదు. వ్యాను కదిలేసరికి ఆరున్నర.

రావులపాలెంలో టిఫిను. ఘాట్ రోడ్డెక్కబోయే మనిషికి రెండిడ్లీలు చాలు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. మావయ్యగారు మాత్రం "పైన ఏం దొరుకుద్దో ఏంటో" అని ఉప్మా పెసరట్లు రెండు లాగించి, పైన పూరీ చెబుతారు. అరటి మార్కెట్టు ఉన్న ఊరు గనక ఓ చక్కెరకేళి గెల కూడా వ్యానెక్కుతుంది. దాన్ని కిటికీ పక్కన వేలాడదీస్తారు.

వంతెన దాటి జొన్నాడ వచ్చామనుకునేలోపే కడియపులంక. రోడ్డు పక్కంతా నర్సరీలు. మొక్కలు తిరుగు ప్రయాణంలో కొనాలి. వెళ్లేటప్పుడు కొంటే ఎండలో నిలబెట్టిన వ్యానులో ఉడికిపోతాయి. ఈ సంగతి వదినగారికీ తెలుసు. "వచ్చేటప్పటికి కట్టేస్తారండీ" అంటారావిడ. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో సరిగ్గా లెక్కవేసిన మనిషి ఆవిడొక్కరే. ఒక్క గులాబీ అంటు కోసం ఆగిన వ్యాను గంట తర్వాత తొమ్మిది కుండీలతో బయల్దేరుతుంది. కాళ్లుండాల్సిన చోట మందారాలు, కాళ్లు సీటుమీద.

కోరుకొండలో నరసింహస్వామికి కిందనుంచే దణ్ణం పెట్టుకుంటే రెండు నిమిషాలు. మెట్లెక్కితే ఆ రోజుకి కొండ చూడ్డం అయిపోయినట్టే, అట్నుంచటే ఇంటికి తిరగొచ్చు. గోకవరంలో డీజిలు నిండా పోయించి, చిల్లర నోట్లు జేబులో వేసుకోవాలి. పైన సిగ్నలున్న చోట మనముండం, మనమున్న చోట సిగ్నలుండదు, ఫోనుతో డబ్బులు కొడదామంటే కుదరదు.

ఇక అడవి, దాంతోపాటే మెలికలు. కడుపులో తిప్పడానికి కారణం కడుపు కాదు, చెవి. లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది. ముందు సీటు వీపుని చూస్తున్న కన్ను "ఎక్కడా, ఏదీ కదలందే" అంటుంది. ఇద్దరి మాటా పొసగక మధ్యలో పెసరట్టుకి మూడుతుంది. పడనివాళ్లు డ్రైవరు పక్కన కూర్చుని దూరంగా రోడ్డునే చూస్తే చాలావరకు తగ్గుతుంది. మాత్రయితే కోరుకొండ దగ్గరే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా పెసరట్టుతోబాటే బయటికొచ్చేస్తుంది. కానీ డ్రైవరు పక్క సీటులో ఎప్పుడూ ఏమీ కాని బావగారే ఉంటారు, దారి చెప్పడానికి. ఉన్నది ఒకటే దారి.

ఆపిన చోటల్లా కోతులే. ఎందుకంటే అక్కడ ఆగిన ప్రతి బండీ వాటికి ఏదో ఒకటి పడేస్తుంది. అద్దం జానెడు తెరిచుంటే చాలు. మావయ్యగారు రోడ్డుపక్కన వంగి తల ఎత్తేలోపు గెలలో మూడు అత్తాలు మాయం. తినేవి మూతి బిగించిన సంచిలో, కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. కాళ్ల దగ్గర మందారాలున్నాయి.

డ్రైవరు కుర్రాడు మంచోడే గానీ, వాడు ఇంతవరకూ దిగిన పెద్ద దిగుడు ఏటిగట్టు ర్యాంపు. డీజిలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ చేస్తాడు. చెయ్యకూడదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, కాలిన వాసనొచ్చి, తర్వాత తొక్కినా పట్టవు. వాసనొచ్చిందా, పక్కనాపి అరగంట చల్లారనివ్వాలి, నీళ్లు మాత్రం కొట్టకూడదు. ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి. అన్నీ విని "ఆయ్" అంటాడు కుర్రాడు. మళ్లీ న్యూట్రల్ చేస్తాడు.

రంపచోడవరం దాటేసరికి పదకొండున్నర. 1922లో ఈ మన్యంలోనే అల్లూరి సీతారామరాజు మిరపకాయ టపా పంపి, ఫలానా స్టేషను మీదకి వస్తున్నామని ముందే చెప్పి మరీ వచ్చేవారంటారు. మన వ్యాను ఏ ఊరికి ఎప్పుడొస్తుందో లోపలున్న పద్నాలుగు మందిలో ఒక్కరూ చెప్పలేరు.

పన్నెండున్నరకి మారేడుమిల్లి. స్వెట్టర్ల మూట దించబోయి, ఎండ చూసి మళ్లీ ఎక్కిస్తారు. గజగజ వణకాలంటే లంబసింగి పోవాలి. అది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, మారేడుమిల్లి అంత ఎత్తు కాదు.

దిగగానే బొంగు చికెన్ చెప్పేసి, ఆ తర్వాతే జలతరంగిణి జలపాతానికి పోవాలి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వెయ్యరు, బొంగులో తడే ముక్కని మాడకుండా ఉడికిస్తుంది. దానికి ముప్పావుగంట దాకా పడుతుంది, ఆదివారమైతే మన వంతు వచ్చాక ముప్పావుగంట. మనవాళ్లు ముందు జలపాతానికెళ్లి, ఫొటోలు దిగి, మూడింటికి నకనకలాడుతూ వచ్చి "ఎంతసేపండీ?" అంటారు. "మీ ముందు ఇంకా పదకొండు బొంగులున్నాయండి." అప్పుడు తెరుచుకుంటాయి పిన్నిగారి డబ్బాలు. చింతపండు పులుపుకి పులిహోర చెడదు. దద్దోజనంలో పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు. నిజానికి ఆ రోజు వేళకి నోట్లోకి వెళ్లింది అదొక్కటే.

ఈ రోజుల్లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, కొండల చాటున ఇంకా ముందే. మూడున్నరకల్లా తిరుగుముఖం పట్టాలి. బొంగులు చేతికొచ్చేసరికి నాలుగున్నర, కూర్చుని తినే తీరిక లేదు, పార్సిలే. బొంగుతో సహా పట్టుకెళ్దామంటాడు మరిది. వినకూడదు. లోపల వేడీ తడీ కలిసి ఇంటికెళ్లేసరికి వాసనేస్తుంది, ఆకులోకి విప్పించి, ఆవిరి పోయాక కట్టించుకోవాలి.

కట్టించిన పొట్లం మందారాల మీద పెడితే ఒరుగుతుంది, కిటికీ పక్కన పెడితే మళ్లీ కోతులు. తినని మనిషి దగ్గరైతే భద్రమని, నెల్లాళ్లుగా నియమంతో ఉన్న తాతగారి ఒళ్లో పెడతారు. గోకవరం దాకా ఆయన కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటారు.

"నిద్ర పట్టిందా నాన్నా?"

"తిననన్నాను గానీ, వాసన చూడననలేదురా. ఆ కట్టు కాస్త వదులు చెయ్యి."