రెండు మానిటర్ల మెయిల్ ప్రోగ్రామ్ గారికి విన్నపం

అరండల్‌పేట, గుంటూరు.

ఆర్యా,

మిర్చి యార్డులో సరుకు కొని విదేశాలకు పంపే ఒక చిన్న కార్యాలయంలో మెయిళ్లు చూసే గుమాస్తాను నేను. కొనుగోలుదారుల మెయిళ్లు ఎడమ మానిటర్‌లోనూ, ఏ కంటెయినర్ ఏ రోజుకు చెన్నై ఓడరేవు చేరాలో చెప్పే క్యాలెండర్ కుడి మానిటర్‌లోనూ ఒకేసారి కనబడాలన్న ఆశతో మా యజమాని రెండో మానిటర్ కొన్నారు. ఒకే కంప్యూటర్‌కు తొమ్మిది మానిటర్ల దాకా తగిలించుకోవచ్చని 1998లోనే విండోస్ 98 చెప్పింది గానీ, ఆ కబురు తమరికి ఇంకా చేరినట్టు లేదు.

క్యాలెండర్ మీద మామూలుగా నొక్కితే తమరు ఇన్‌బాక్స్‌ను తప్పించి దాని స్థానంలోనే క్యాలెండర్‌ను కూర్చోబెడతారు. కుడి క్లిక్ చేసి, కొత్త విండోలో తెరవమని వేడుకుంటే తప్ప రెండో విండో దయచేయరు. పోనీ, అంతా సర్దుకున్నాక సాయంత్రం ఆ విండోలను ఒక్కొక్కటిగా మూసి ఇంటికి వెళ్తే, చివర మూసినది ఒక్కటే మర్నాడు తమరికి గుర్తుంటుంది. ఫైల్ మెనూలోకి వెళ్లి ఎగ్జిట్ నొక్కి లాంఛనంగా సెలవు తీసుకున్నవారికే రెండూ తిరిగి దక్కుతాయి. ఇక, ల్యాప్‌టాప్‌లో అక్షరాల కొలత ఒకటి, పక్క మానిటర్‌లో మరొకటి అయినప్పుడు తమరు మసకబారుతారు. దానికి విరుగుడుగా అందం కావాలా, సర్దుబాటు కావాలా అని పెళ్లిచూపుల్లో పెద్దల్లా అడిగే ఒక ఆప్షన్ కూడా పెట్టారు.

ఇవన్నీ భరించవచ్చు, తమరి రిమైండర్లను తప్ప. కరెంటు బిల్లుకు జడిసి మధ్యాహ్నం కుడి మానిటర్ బటన్ ఆపేస్తాం. కేబుల్ ఊడదీయనంత వరకు చాలా మానిటర్లు కంప్యూటర్ లెక్కలో వెలుగుతున్నట్టే కాబట్టి, షిప్పింగ్ లైన్‌కు పత్రాలు పంపాల్సిన కటాఫ్ ఇంకో గంటే ఉందన్న సంగతిని తమరు సరిగ్గా ఆ చీకట్లోనే ప్రకటిస్తారు. చెప్పలేదని తమరిని నిందించే వీలు మాకు లేదు, చెప్పారని తెలిసే వీలు కూడా లేదు. మా యజమాని ల్యాప్‌టాప్ ఊడదీసుకుని హైదరాబాద్ వెళ్లినప్పుడైతే, తేజ రకం మిర్చి ధర అడిగినవారికి రాయబోయిన జవాబు ఇక్కడ మిగిలిపోయిన మానిటర్ ఉండే దిక్కున తెరుచుకుంటుంది. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎమ్ కొట్టి, బాణం కీలతో దాన్ని కనబడే చోటికి ఈడ్చుకురావడం ఆయనకు ఫోన్‌లో నేర్పించడం నా ఉద్యోగంలో భాగమని నియామకపత్రంలో ఎక్కడా రాయలేదు.

మేము చూస్తున్న మానిటర్ ఏదో కనుక్కుని రిమైండర్ అక్కడే చూపించవలసిందిగా ప్రార్థన. జవాబు ఎడమ మానిటర్ మీదే దయచేయగలరు. కుడిదాన్ని పద్దులు రాసే టాలీ ప్రోగ్రామ్‌కు ఇచ్చేశాం. కంటెయినర్ల తేదీలను వెంకట్రామా వారి గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసుకుంటున్నాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎగుమతుల గుమాస్తా