తలసరి ఆదాయం గారికి, ఒక తల రాసిన ఉత్తరం

తలసరి ఆదాయం గారికి నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం. మీరు మహా క్షేమంగా ఉన్నారని బడ్జెట్ ప్రసంగంలో విన్నాం. 2024-25లో తెలంగాణలో మీరు 3,79,751 రూపాయలకు చేరారట, దేశం మొత్తానికి సంబంధించిన మీ తమ్ముడు మాత్రం 2,05,579 దగ్గరే ఆగిపోయాడట. సంతోషం. మా ఇంట్లో నలుగురం కదా అని కాగితం తీసి గుణించి చూశాను, 15,19,004 రూపాయలు వచ్చింది. మా ఆవిడ బీరువా వెతికింది, పోపుల డబ్బా కూడా వెతికింది. చివరి నాలుగు రూపాయలు దొరికాయి. మిగతా పదిహేను లక్షల పందొమ్మిది వేలు ఎవరింట్లో మర్చిపోయి వచ్చారో కాస్త గుర్తు చేసుకుంటారా?

మీరెలా పుడతారో నాకు తెలీదనుకోకండి. ఏడాదంతా రాష్ట్రంలో తయారైన విలువనంతా ఒక కుప్ప పోసి, యంత్రాల అరుగుదల తీసేసి, ఉన్న తలలతో భాగిస్తే మీరొస్తారు. ఆ కుప్పలో నా జీతమూ ఉంటుంది, పెద్ద పెద్ద కంపెనీల లాభాలూ ఉంటాయి. భాగహారానికి నా తల కావాలి, పంపకం దగ్గర మాత్రం ఎవరూ పిలవరు.

రంగారెడ్డి జిల్లా సంగతే తీసుకోండి. రాష్ట్రంలోకెల్లా మీరు ఎత్తుగా నిలబడేది అక్కడే, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అద్దాల మేడలు అక్కడే ఉన్నాయి మరి. 2016 అక్టోబరు దాకా వికారాబాద్, తాండూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేవి, అంటే తాండూరు కంది రైతూ గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ మేనేజరూ ఒకే సగటులో భుజాలు కలిపి కూర్చున్నారన్నమాట. జిల్లాలు విడగొట్టారు. వికారాబాద్ వెళ్లి అట్టడుగు వరుసలో పడింది. ఆ రాత్రి ఎవరింట్లోనూ దొంగలు పడలేదు, ఎవరి ఎడ్లూ పోలేదు, అప్పులు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. నిన్నటిదాకా కలిగినవాళ్లు, తెల్లారేసరికి పేదవాళ్లు. మీరు తప్ప ఇంకెవరు చేయగలరు ఇలాంటి మాయ?

అలాగని డబ్బుతో ఆనందం రాదనే బ్యాచ్‌లో నన్ను కలపొద్దు. ఆ మాట చెప్పే స్వామీజీలు ఏసీ హాల్లో కూర్చుని, ఎంట్రీ టికెట్ పెట్టి చెబుతారు. డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పెద్దమనుషులు 2010లో అమెరికా వాళ్ల లెక్కలు చూసి, ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగదన్నారు. మనకు ఎంత హాయిగా అనిపించిందో, డబ్బున్నవాళ్లకి కూడా ఏడుపే అని. 2023లో అదే కానెమన్ ఇంకో ఇద్దరితో కూర్చుని మళ్లీ లెక్కేసి, చాలామందికి ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుందని తేల్చారు. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఇంకా చేరలేదు, మొదటిదే తిరుగుతోంది. నా మట్టుకు నాకు ఒకటే తెలుసు, అర్ధరాత్రి ఆసుపత్రిలో "అడ్వాన్స్ కట్టి రండి" అన్నప్పుడు జేబులో డబ్బుంటే కలిగేది ఆనందమో కాదో గానీ, లేకపోతే కలిగేదానికి మాత్రం పేరు పెట్టక్కర్లేదు.

తమాషా ఏంటంటే ఆ ఆసుపత్రి బిల్లుకీ మీరు ఉబ్బుతారు. మా అమ్మ ఇన్నేళ్లుగా రెండు పూటలా వండి పెట్టింది, మీ పుస్తకంలో సున్నా. ఆమెకు ఒంట్లో బాగోక సందు చివర కర్రీ పాయింట్ నుంచి పప్పు తెచ్చుకున్న రోజు నుంచి రాష్ట్రం అభివృద్ధి చెందడం మొదలైంది.

ఇక మందు సంగతి. ఇది కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ ఒళ్లు పెంచడంలో దీని చెయ్యి చిన్నది కాదు. సాయంత్రం కూలి డబ్బు చేతికి రాగానే ఒకాయన దుకాణానికి వెళ్తాడు, సీసా ధర మీకు, పన్ను ఖజానాకు. కొన్నాళ్లకి లివర్ పోతుంది, స్కానింగ్ మీకు, మందులు మీకు, అంబులెన్స్ కూడా మీకే. ఇంట్లో ఆవిడ పుస్తెలు తాకట్టు పెడితే ఆ కంపెనీ ఆదాయమూ మీదే. ఒక్క కుటుంబం మునిగితే మీకు ఇన్ని వైపుల నుంచి లాభం. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి ఈ లెక్క ఏ ఆర్థికవేత్తా చెప్పకుండానే అర్థమైంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూనే సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ పోరాటం జిల్లాలు దాటి పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమే వచ్చింది. ప్రజల ఆనందానికి ప్రభుత్వం ఏం చేయాలి అని ఇవాళ సదస్సులు పెట్టి అడుగుతున్నారే, అప్పట్లో ఎవరూ అడక్కుండానే వాళ్లు రోడ్డు మీదికొచ్చి చెప్పారు. ఖజానా మాత్రం రెండేళ్లే ఓర్చుకుంది, 1997లో సీసాలు తిరిగొచ్చాయి. (దొంగ సారా, అక్రమ రవాణా పెరిగాయన్నారు, అది కూడా నిజమే, కాదనను.)

ఇప్పుడు చూడండి వరస. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 99 రూపాయలకే క్వార్టర్ అని కొత్త పాలసీ తెచ్చింది. అదే ఏడాది డిసెంబరు 13న స్వర్ణాంధ్ర 2047 అనే విజన్ పత్రం విడుదల చేసింది, ఆరోగ్యం, సంపద, ఆనందం మూడూ ఇస్తామని. ఆనందం రెండు నెలలు ముందే షాపుల్లోకి వచ్చేసిందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పత్రం ప్రకారం 2047 నాటికి మీరు 42 వేల డాలర్లు అవుతారట. అప్పటికి నేనుంటే అభినందన తెలుపుతాను.

ఆనందానికి విడిగా ఆఫీసు పెట్టడం కూడా మనం చూశాం. వెనిజులాలో 2013లో పెట్టారు, ఆ తర్వాత అక్కడి జనం లక్షల్లో దేశం వదిలిపోయారు. 2016లో యూఏఈ ఆనందానికి మంత్రిని నియమించింది, అదే ఏడాది మధ్యప్రదేశ్ ఒక శాఖే తెరిచింది. అమరావతిలో 2018 ఏప్రిల్‌లో ఆనంద నగరాల సదస్సు జరిగింది, నగరం ఇంకా కడుతున్నారు. మీకు పోటీగా స్థూల జాతీయ ఆనందం అని నిలబెట్టిన భూటాన్ దాన్ని 2008 రాజ్యాంగంలో కూడా రాసుకుంది, అయినా వాళ్ల కుర్రాళ్లు ఆస్ట్రేలియా వీసాకి మన కుర్రాళ్లలాగే తిరుగుతున్నారు. 2018 నుంచి 2025 దాకా ప్రపంచ ఆనంద నివేదికలో ఏటా ఫస్ట్ వచ్చిన ఫిన్లండ్‌లో ఏముందయ్యా అంటే, చదువుకి ఫీజు లేదు, వైద్యానికి ఆస్తి అమ్మక్కర్లేదు, పోయిన పర్సు తిరిగొస్తుందని నమ్మకం ఉంది, పన్ను మాత్రం వాయగొడతారు. మనం 2025లో 147 దేశాల్లో 118. పాకిస్తాన్ 109 అనగానే మనవాళ్లు ఆ సర్వేనే తప్పన్నారు, మనకంటే వాళ్లు ఆనందంగా ఉన్నారంటే మనకు ఆనందం ఎలా వస్తుంది?

నాకు ఆనందం ఇవ్వమని ప్రభుత్వాన్ని నేను అడగను, దాని తిప్పలు నేను పడతా. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, డయాలసిస్ చేయించుకునే మనిషికి అది ప్రాణం. 2025లో బకాయిలు అందలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపుతామని కూర్చున్నాయి. బకాయి టైముకు కట్టు చాలు నాయనా, విజన్ తర్వాత చూద్దాం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యది తాండూరు దగ్గర పల్లె. 2023 డిసెంబరులో బస్సు ఫ్రీ అయ్యాక ఆధార్ కార్డు కొంగున కట్టుకుని నెల నెలా తల్లిని చూసొస్తోంది. "ఉచితాలతో రాష్ట్రం నాశనం సార్" అని రెండు కార్లున్న మా సెక్రటరీ గారు లిఫ్టులో బాధపడతారు, ఆయన కార్ల పెట్రోలుకి మీరు పెరుగుతారు కాబట్టి ఆయన దేశభక్తుడు. తల్లి దగ్గర ఆమె కూర్చున్న మధ్యాహ్నాన్ని మీ పుస్తకంలో ఏ కాలమ్‌లో రాస్తారో చెప్పండి.

పైన ఉన్న ఒకరిద్దరు కొండెక్కితే మీరూ ఎక్కేస్తారు. అందుకని వచ్చే బడ్జెట్‌కి మీరు ఒక్కరే రాకండి. అందరినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి ఎంత వస్తుందో ఆ అంకెని కూడా తీసుకురండి, ఆయన బట్టలు అంత బాగుండవని సిగ్గుపడొద్దు.

ఇట్లు,
హారంలో ఒక తల

తా.క.: మీరు పెరిగారన్న వార్త మా ఓనరు గారు పేపర్లో చదివారు. వచ్చే నెల నుంచి అద్దె రెండు వేలు ఎక్కువట.