రెండు బటన్ల ప్రమోషన్

రోబోలొస్తే ఉద్యోగాలు పోతాయని కార్మికులు ఊరికే టెన్షన్ పడుతున్నారు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. జీతమే కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎటు అని మాత్రం అడగకూడదు.

చేయి తిరిగిన వెల్డర్‌నే తీసుకోండి. రోబోను కొన్నాక యాజమాన్యం ముందుగా కబురు పెట్టేది ఆయనకే. వెల్డింగ్ టార్చ్ ఏ కోణంలో పట్టాలి, మూల మలుపులో వేగం ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆగితే రేకుకు చిల్లు పడుతుంది, అన్నీ దాని చేయి పట్టుకుని దిద్దించాలి. గురుదక్షిణగా కొత్త పోస్టు. ముక్కలు బిగించి, పక్కకు జరిగి, రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. ఒక చేత్తో నొక్కితే మెషిన్ కదలదు, రెండో చేయి లోపల పడి నలగకుండా ఆ ఏర్పాటు. చేతుల మీద అంత శ్రద్ధ! బటన్ నొక్కడానికి వెల్డర్ జీతమెందుకని అకౌంట్స్ వాళ్లు అడిగితే ఏం చెబుతాం? న్యాయమైన ప్రశ్నే. రోబోకైతే అరిగిపోయినంత విలువకు ఏటా తరుగుదల పద్దు రాస్తారు. వెల్డర్ నడుముకీ కళ్లకీ అలాంటి పద్దేదీ లేదు.

యంత్రాలతో జీతాలు పెరుగుతాయనడానికి మేధావులు ఫోర్డ్ కంపెనీని చూపిస్తారు. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, అంటే బండి కదిలొస్తుంటే ఒక్కొక్కరూ రోజంతా ఒకే ముక్క బిగించే పద్ధతి వచ్చాక, ఛాసిస్ (కారు చట్రం) బిగించే సమయం పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు దిగింది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ప్రకటించారు. నిజమే. మధ్యలో ఏం జరిగిందో మాత్రం చెప్పరు. ఆ పని భరించలేక జనం మానేస్తుంటే, 14 వేల మంది పనిలో ఉండాలంటే ఏడాదిలో 52 వేలకు పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. రోబోకు విసుగు రాదు, మానేయదు. కాబట్టి ఇప్పుడు జీతం పెంచి ఆపుకునే ఖర్చూ మిగిలింది.

అమెరికాలో 1990 నుంచి 2007 దాకా లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు ఆసెమోగ్లు, రెస్ట్రెపో, వెయ్యి మంది కార్మికులకు ఒక రోబో పెరిగితే వేతనాలు 0.42 శాతం తగ్గుతాయన్నారు. అర శాతం కూడా లేదు, దీనికా ఇంత గోల? సగటు కదా, రోబో మొహం చూడనివాళ్ల జీతాలూ అందులో కలిసే ఉంటాయి.

ఇంకా బెంగ ఉన్నవారికి శిక్షణ ఉంది. రోబోలను రిపేర్ చేయడం నేర్చుకోవచ్చు. ఆరుగురి పని చేసే రోబోకు ఆరుగురు మెకానిక్‌లు కావాల్సి వస్తే దాన్నెవరూ కొనరు, ఒక్కరు చాలు. అయినా క్లాసుకు ఆరుగురూ రావచ్చు. సర్టిఫికెట్ అందరికీ ఇస్తారు.