మిక్కీ మౌస్ ముప్పు

దేశ భద్రతకు అన్నిటికన్నా పెద్ద ముప్పేదని ఎవరైనా అడిగితే ఇక తడుముకోకండి. గోడ మీద బొమ్మ.

నవ్వులాట కాదు. ఈ సంగతి ముందుగా కనిపెట్టిన ఘనత 2023లో బ్రిటన్ వలసల శాఖ మంత్రిగా ఉన్న రాబర్ట్ జెన్రిక్‌గారిది. పెద్దవాళ్లెవరూ వెంట లేకుండా చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానెల్ దాటి వచ్చే పిల్లల్ని డోవర్‌లో ఒక కేంద్రానికి తీసుకెళ్తారు. ఆ గోడల మీద మిక్కీ మౌస్, 'జంగిల్ బుక్' కథలోని బలూ ఎలుగుబంటి బొమ్మలుండేవి. మరీ 'రండి బాబూ రండి' అన్నట్టున్నాయని వాటి మీద రంగు కొట్టించేశారు.

ఎంత దూరదృష్టి! సూడాన్‌లో ఇల్లు కాలిపోయిన కుర్రాడు బాంబులకు భయపడి బయల్దేరతాడనుకున్నాం మనం, అమాయకులం. "డోవర్‌లో మిక్కీ ఉందట, పదండి" అనుకునే కదా పడవెక్కేది!

అక్కడికొచ్చేది ఎక్కువగా టీనేజర్లు, ఆ బొమ్మలు వాళ్ల వయసుకు తగవని పార్లమెంటులో వివరణ ఇచ్చారు. ఒప్పుకోవాల్సిందే. 16 ఏళ్లవాడికి తగినది ఖాళీ గోడ. ఖర్చు 1,500 పౌండ్ల పైచిలుకు, అంటే లక్షన్నర రూపాయల పైమాటే. పైగా ఆ బలూ మన మధ్యప్రదేశ్ అడవుల ఎలుగు. వీసా ఉందో లేదో ఎవరైనా అడిగారా?

మా అంగన్‌వాడీ గోడ మీద మిక్కీకి ఒక చెవి చేటంత ఉంటుంది, రెండోది స్విచ్‌బోర్డు కిందకి పోయింది. ఇన్నాళ్లూ పెయింటరు పొరపాటనుకున్నా. కాదు, పరాయివాళ్లు రాకుండా ముందుజాగ్రత్త.

జోర్డాన్‌లో ఈ పాటి తెలివి లేకపోయింది. 2012లో తెరిచిన జాతరీ శరణార్థి శిబిరంలో, బొమ్మలు చెరపడం మాట అటుంచి, సిరియా పిల్లల చేతికే బ్రష్షులిచ్చారు. కళాకారులతో కలిసి వాళ్లు గోడలనిండా రంగులు పులిమేశారు. నీళ్లు వృథా చేయొద్దని కూడా బొమ్మలేశారు! ఊరొదిలి ఎడారిలో పడ్డ పిల్లలు మనకు పొదుపు పాఠాలు చెప్పడమా?

బ్రిటన్ కార్టూనిస్టులకూ బుద్ధి రాలేదు. ఆ గోడల మీద మళ్లీ బొమ్మలేస్తామన్నారు. ఆ పిల్లల కోసం రంగులేసుకునే బొమ్మల పుస్తకం కూడా తయారుచేశారు. గోడకైతే ఇంకో కోటింగు వేయొచ్చు. క్రేయాన్ల డబ్బా పట్టుకు తిరిగేవాణ్ని ఆపాలంటే మాత్రం కొత్త శాఖే పెట్టాలి.