ఒకే 39 శాతం, మూడు తలరాతలు

2024 ఎన్నికల్లో వైసీపీ ఎందుకు ఓడిపోయిందో ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎవరిని అడిగినా చెబుతారు. భూమి హక్కులు పోతాయేమోనని ల్యాండ్ టైట్లింగ్ చట్టం పుట్టించిన భయం, మద్యం, గుంతల రోడ్లు, రాజధాని గందరగోళం, చంద్రబాబు అరెస్టు, ఆ వెంటనే రాజమండ్రి జైలు బయట పవన్ కల్యాణ్ చేసిన పొత్తు ప్రకటన. వీటిలో దేన్నీ కాదనలేం. కానీ ఇవి ఓటమికి కారణాలు. పదకొండుకు మాత్రం ఇవి కారణాలు కావు.

ఆ ఎన్నికల్లో వైసీపీకి కోటీ 32 లక్షల ఓట్లు పడ్డాయి. పోలైన ఓట్లలో 39.37 శాతం. అంటే పోలింగ్ బూత్ దాకా వెళ్లిన ప్రతి పది మందిలో దాదాపు నలుగురు ఫ్యాన్ గుర్తు మీద నొక్కి వచ్చారు. 175 సీట్ల సభలో ఆ నలుగురికి దక్కింది 11. పాత జిల్లాల లెక్కన చూస్తే 13 జిల్లాల్లో ఎనిమిదింట ఆ పార్టీకి ఒక్క ఎమ్మెల్యే కూడా లేడు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తా పొడవునా నడిచినా పాడేరు, అరకు కొండలెక్కితేనో, ప్రకాశం పడమటికి మళ్లితేనో తప్ప వైసీపీ ఎమ్మెల్యే కనిపించడు. అక్కడ ఆ పార్టీకి ఓటు వేసినవాళ్లు మాత్రం ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇప్పుడు ఇంకో రెండు 39లు చూడండి. 2019లో తెలుగుదేశం పార్టీకి వచ్చిన ఓట్లు 39.17 శాతం, సీట్లు 23. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చినవి 39.40 శాతం. అక్కడ 119 సీట్లలో 64 గెలిచి రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ మూడు ఫలితాల మధ్య ఓట్లలో తేడా పావు శాతం కూడా లేదు. కానీ ఒకరికి సచివాలయం, ఒకరికి బక్కచిక్కిన ప్రతిపక్షం, ఇంకొకరికి ప్రతిపక్ష హోదా కోసం కోర్టు మెట్లు. తెలంగాణలో బీజేపీ దాదాపు 14 శాతం చీల్చుకుంది కాబట్టి అక్కడ 39 సరిపోయింది, ఏపీలో పోటీ ముఖాముఖి కాబట్టి సరిపోలేదు అంటారు. నిజమే. నేను చెప్పేదీ అదే. నీకెంత మంది ఓటేశారన్నది కాదు, మిగతావాళ్ల ఓట్లు ఎలా చీలాయి, ఎలా కలిశాయి అన్నదే నీ తలరాత రాస్తోంది.

జనసేన సంగతి ఇంకా విచిత్రం. 2019లో 5.53 శాతం ఓట్లతో ఒక్క రాజోలు గెలిచింది, అధ్యక్షుడు పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండు చోట్లా ఓడిపోయారు. ఐదేళ్ల తర్వాత 6.85 శాతంతో పోటీ చేసిన 21 సీట్లూ గెలిచింది. వంద శాతం స్ట్రైక్ రేట్ అని ఆ పార్టీ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే, పొత్తులో ఎక్కడ నిలబడాలో, ఎక్కడ తగ్గాలో తెలిసిన లెక్క అది. కానీ 7 శాతం లోపు ఓట్ల పార్టీకి 39 శాతం ఓట్ల పార్టీ కంటే దాదాపు రెట్టింపు ఎమ్మెల్యేలు ఉన్న సభను ప్రజాతీర్పుకు అద్దం అనమంటే నేను అనలేను.

ఎక్కువ ఓట్లు వచ్చినవాడే విజేత అనే మన పద్ధతిలో ఒక గుణకారం దాగి ఉంది. ఏపీ లాంటి రాష్ట్రంలో రెండు పెద్ద శిబిరాలు, రెండింటికీ అన్ని జిల్లాల్లోనూ ఓటు బ్యాంకులు. ఇలాంటి చోట గాలి కొంచెం ఇటు తిరిగితే వంద నియోజకవర్గాలు ఒకేసారి ఇటు ఒరుగుతాయి. 2019లో వైసీపీ ఓటు 49.95 శాతం, 2024లో 39.37. పది మంది ఓటర్లలో ఒక్కరు చేజారారు. సీట్లు మాత్రం 151 నుంచి 11కి పడ్డాయి, సభలో 80 శాతం ఊడ్చుకుపోయింది. అలాగని జగన్‌మోహన్ రెడ్డి మీద జాలి చూపాల్సిన పని లేదు. 2019లో ఇదే గుణకారం తనవైపు పనిచేసినప్పుడు ఆయన దాన్ని దేవుడు రాసిన స్క్రిప్ట్ అన్నారు. తర్వాత 'వైనాట్ 175' అన్నారు. సగం మంది తనకు ఓటు వేయని రాష్ట్రంలో సీట్లన్నీ నాకే ఎందుకు రాకూడదు అని అడగడం ఈ పద్ధతిలో మాత్రమే సాధ్యం.

ఓడిన ప్రతివాళ్లూ ఈవీఎంల మీద పడేదీ ఇందుకే. 2019లో వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు) సగం లెక్కించాలని దేశమంతా తిరిగింది చంద్రబాబు. 2024లో బ్యాలెట్ పేపర్లు కావాలన్నది జగన్. ఇద్దరి కార్యకర్తలూ ఒకే మాట అన్నారు: 'మా ఊళ్లో మాకు ఇంతమంది ఉన్నారు కదా, ఓట్లన్నీ ఏమయ్యాయి?' ఓట్లు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి, సీట్లుగా మారలేదంతే. మెషిన్‌ని అనుమానించినంత సులువుగా మనం నియమాన్ని అనుమానించం.

ఇదేదో అంకెల ముచ్చట అయితే ఇంత రాసే పని లేదు. గుణకారం ఎమ్మెల్యేల సంఖ్య దగ్గర ఆగదు, గెలిచినవాడి బుర్రలోకి ఎక్కుతుంది. 151 మందిని చూసుకున్న ముఖ్యమంత్రికి ఎదురుగా 39 శాతం మంది కనిపించరు. గత ఐదేళ్లలో జరిగినదాన్నంతా జనం చెరిపేయమన్నారనిపిస్తుంది. 2019 జూన్‌లో, చంద్రబాబు ప్రభుత్వం కట్టిన సమావేశ మందిరం ప్రజావేదికను కూల్చడంతో మొదలైంది. పోలవరం పనులకు రివర్స్ టెండర్లు, విద్యుత్ కొనుగోలు ఒప్పందాల సమీక్ష, అన్న క్యాంటీన్లకు తాళాలు, చివరికి రాజధాని. 2015 అక్టోబర్‌లో ప్రధాని వచ్చి శంకుస్థాపన చేసిన అమరావతికి 33 వేల ఎకరాలకు పైగా భూములిచ్చిన రైతులు 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట విన్నారు. చట్టం చేశారు, వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది. 2025 మేలో అదే ప్రధాని అదే అమరావతికి మళ్లీ వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. పదేళ్లలో ఒక రాజధానికి రెండు ప్రారంభోత్సవాలు.

2024 తర్వాత టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి వైపు నుంచీ అదే వరస. క్యాంటీన్లు తెరుచుకున్నాయి, వాలంటీర్లు ఇంటికెళ్లారు, ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దయింది, హెల్త్ యూనివర్సిటీ పేరు ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు వెళ్లి మళ్లీ ఎన్టీఆర్‌కు తిరిగొచ్చింది. వీటిలో కొన్ని నాకూ సరైనవే అనిపిస్తాయి, ల్యాండ్ టైట్లింగ్ రద్దు ముఖ్యంగా. అయితే నా ప్రశ్న వేరు. పది శాతం మంది మనసు మార్చుకుంటే రాష్ట్రం దిశ పది శాతం మారాలా, నూటికి నూరు శాతం తిరగబడాలా? ఐదేళ్లకోసారి వెనక్కి తిరిగే రాష్ట్రంతో పాతికేళ్ల ఒప్పందం రాసుకోవడానికి ఏ కంపెనీ అయినా ఒకటికి నాలుగుసార్లు ఆలోచిస్తుంది. ఏపీలో పెట్టుబడుల గురించి మాట్లాడేవాళ్లు పోర్టులు, కరెంటు, రాయితీల దగ్గర ఆగిపోతారు. నన్నడిగితే ఎన్నికల పద్ధతి దగ్గర మొదలుపెట్టమంటాను.

ఇక సభ. పదో వంతు సీట్లు, అంటే 18 ఉంటేనే ప్రతిపక్ష హోదా అన్నది సంప్రదాయమని అధికార పక్షం, రాష్ట్ర చట్టంలో పది శాతం అన్న షరతే లేదని వైసీపీ. 2015లో ఢిల్లీలో 70 సీట్లకు మూడే గెలిచిన బీజేపీకి అక్కడి స్పీకర్ ప్రతిపక్ష నేత హోదా ఇచ్చారు. అదీ మర్యాద. ఇక్కడ ఆ మర్యాద లేదు. 11 మంది ఉన్న పార్టీ సభకు వెళ్లి మాట్లాడే ఓపిక కూడా చూపలేదు. హోదా ఇస్తేనే వస్తామన్నది నాకు సమర్థనీయంగా కనిపించదు, కోటీ 32 లక్షల మంది పంపింది హోదా కోసం కాదు. కానీ సభ నుంచి తప్పుకోవడంలో ఎవరూ తక్కువ తినలేదు. 2017లో జగన్ సభను వదిలి పాదయాత్రకు వెళ్లారు, 2021 నవంబర్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని శపథం చేసి బయటికొచ్చారు. సభలో బలం నామమాత్రమైతే నాయకులకు రోడ్డే సభ అయిపోతుంది.

దీని ఫలితం అన్నింటికంటే ఎక్కువగా కనిపించే చోటు ప్రజా పద్దుల కమిటీ. ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ కాగ్ నివేదికలు ముందు పెట్టుకుని లెక్క అడగాల్సిన కమిటీ అది. ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 నవంబర్‌లో ఎన్నిక పెడితే, గెలవడానికి సరిపడా ఓట్లు లేని వైసీపీ బహిష్కరించింది, ఛైర్మన్ పదవి జనసేన ఎమ్మెల్యేకు వెళ్లింది. మంత్రివర్గంలో భాగస్వామి అయిన పార్టీ ఆ మంత్రివర్గం పద్దుల్ని తనిఖీ చేస్తుంది! ఆ ఎమ్మెల్యే వ్యక్తిగతంగా ఎంత నిక్కచ్చి మనిషైనా కావచ్చు, ఏర్పాటే తలకిందులుగా ఉంది. శాసనమండలిలో వైసీపీకి బలం ఉండబట్టి అక్కడ కాస్త ప్రశ్నలు వినిపిస్తున్నాయి. అసెంబ్లీలో అదీ లేదు.

ఫిరాయింపుల గురించి ఒక్క మాట. బలం తగ్గిన పార్టీని పూర్తిగా మింగేయాలన్న ఆకలి కూడా ఈ లెక్కలోంచే పుడుతుంది. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలో చేరితే వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసిపోయి ఆ పార్టీకి ప్రతిపక్ష హోదా లేకుండా చేశారు. 2023 తర్వాత బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) ఎమ్మెల్యేలను చేర్చుకుని ఆ బాకీ కాంగ్రెస్ వసూలు చేసుకుంది.

ఎదుటివాళ్ల వాదన తెలియనిది కాదు. ఓట్ల నిష్పత్తి ప్రకారం సీట్లిస్తే కులానికో పార్టీ పుడుతుంది, ఎవరికీ మెజారిటీ రాదు, ప్రభుత్వాలు ఆరు నెలలకోసారి కూలిపోతాయి, మన ఎమ్మెల్యే ఎవరో మనకే తెలియకుండా పోతుంది. రాజ్యాంగ సభలో ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు అంబేడ్కర్ కూడా అక్షరాస్యత లేని దేశానికి ఇది పనికిరాదని, ప్రభుత్వాలు నిలకడగా ఉండవని తోసిపుచ్చారు. అప్పటి సమాజానికి అది సరైన మాట. 1951లో దేశంలో అక్షరాస్యులు 18 శాతమే.

కానీ ఉన్న పద్ధతిని మొత్తం పీకేయమని ఎవరంటున్నారు? 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో మధ్యేమార్గం చెప్పింది. అప్పుడు దాని అధ్యక్షుడు మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఉన్న నియోజకవర్గాలు అలాగే ఉంటాయి, లోక్‌సభకు మరో 25 శాతం సీట్లు చేర్చి వాటిని పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో జాబితా పద్ధతిలో, అంటే ప్రతి పార్టీ ఇచ్చిన పేర్ల జాబితా నుంచి, నింపాలి, 5 శాతం దాటని పార్టీలకు అందులో వాటా ఉండకూడదు. కులానికో పార్టీ పుట్టకుండా ఆ 5 శాతం గీత కాపలా కాస్తుంది. పాతికేళ్లు దాటింది, ఆ నివేదికను తెరిచిన రాజకీయ నాయకుడు నాకు కనబడలేదు.

తెలుగు రాష్ట్రాలకు దీన్ని వాడుకునే అవకాశం ఇంకెవరికీ లేనంత దగ్గరలో ఉంది. విభజన చట్టం 26వ సెక్షన్ ఏపీ సీట్లను 175 నుంచి 225కి, తెలంగాణ సీట్లను 119 నుంచి 153కి పెంచాలంది. ఆ పెంపు గురించి పదేళ్లుగా నాయకులు చేస్తున్నది ఒకటే లెక్క: మనవాళ్లు ఇంకెంతమందికి టికెట్లివ్వచ్చు? నేను ఇంకో లెక్క వేశాను. ఏపీలో ఆ 50 కొత్త సీట్లను 5 శాతం గీతతో జాబితా పద్ధతిలో పంచితే 2024 సభ ఇలా ఉండేది: టీడీపీ 160, జనసేన 25, బీజేపీ 8, వైసీపీ 32. కూటమి 193తో ఢోకా లేకుండా పాలించేది, ప్రతిపక్ష హోదా తగాదా పుట్టేదే కాదు. 2019కి వేస్తే వైసీపీ 177, టీడీపీ 44, జనసేన 4. తెలంగాణలో 34 సీట్లు పంచితే 2023లో కాంగ్రెస్‌కు 79, బీఆర్ఎస్‌కు 53, బీజేపీకి 13. 153 సీట్ల సభలో మెజారిటీకి 77 చాలు. మూడు ఎన్నికల్లోనూ ప్రభుత్వాలు మారలేదు, అస్థిరత రాలేదు. ఎదుటి బెంచీలు మాత్రం నిండాయి.

జాబితా సీట్లు అధ్యక్షుడి కొడుకులకో, కాంట్రాక్టర్లకో పోతాయన్నది నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం. పోలింగ్‌కు ముందే జాబితాను వరస క్రమంతో ప్రకటించాలని, తర్వాత మార్చకూడదని, అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు వంతు తప్పనిసరని చట్టంలోనే రాస్తే జనం ఆ పేర్లు చూసే ఓటేస్తారు. అయినా నియోజకవర్గాల టికెట్లు ఇప్పుడేమైనా కార్యకర్తల ఓటింగ్‌తో ఇస్తున్నారా?

దీనికి రాజ్యాంగ సవరణ కావాలి. శాసనసభ్యులు భౌగోళిక నియోజకవర్గాల నుంచే నేరుగా ఎన్నిక కావాలని 170వ అధికరణం చెబుతోంది, దాన్ని మార్చాల్సింది పార్లమెంటు. 2024లో బీజేపీ సొంతంగా 240 దగ్గర ఆగిపోయింది, ఢిల్లీలో ప్రభుత్వం నిలబడటానికి తెలుగుదేశం 16 మంది ఎంపీల మద్దతూ కావాల్సి వచ్చింది. అమరావతికి, పోలవరానికి నిధులు అడగడానికి పనికొచ్చిన ఆ బలం దీన్ని అడగడానికీ పనికొస్తుంది. 164 సీట్ల మీద కూర్చున్నవాళ్లకు అడగాలని అనిపించదు. అయితే 2019లో 39 శాతం తెచ్చుకుని 23 దగ్గర ఆగిపోయిన పార్టీ కూడా ఇదే, ఆ ఐదేళ్లూ ఎలా గడిచాయో దానికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.