మాల్ట్ లిక్కర్: నింద తాగినవారికి, లాభం అమ్మినవారికి

అమెరికాలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. పై చదువులకు కొత్తగా వచ్చిన పిల్లలకు జాగ్రత్తలు చెప్పే పేరుతో దాన్ని పంపుతున్నారు. దాని సారాంశం ఇది: "మాల్ట్ లిక్కర్ అంటే సారా కలిపిన బీరు. నల్లవాళ్ల కోసం, నల్లవాళ్ల బస్తీల్లోనే పుట్టింది. నలభై ఔన్సుల పెద్ద సీసా ర్యాప్ పాటగాళ్లు తెచ్చిన అలవాటు. వాళ్లలో ఒక్కరూ ఇది తప్పని అనలేదు. ఆ సీసా చేతిలో ఉన్నవాడు ఎలాంటివాడో మీకే అర్థమవుతుంది."

ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు. ఒక పానీయం గురించిన తప్పుడు సమాచారం మాత్రమే అయితే చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. కానీ ఒక జాతి గుణం మీద తీర్పు చెప్పడానికి దీన్ని వాడుతున్నారు. ఇల్లు వదిలి తొలిసారి పరాయి దేశం వచ్చిన పిల్లల మనసుల్లో దీన్ని నాటుతున్నారు. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పదలచుకున్నాను.

మొదట, సారా కలుపుతారన్న మాట. మాల్ట్ లిక్కర్‌లో సారా కలపరు, దాన్ని బట్టీ పెట్టి దించరు. అది పూర్తిగా బీరే. బార్లీ మాల్టుతో పాటు మొక్కజొన్న, బియ్యం, లేదా నేరుగా చక్కెర కలిపి, పులియడానికి ఎక్కువ తీపి అందేలా చేస్తారు. ఈస్టు ఆ తీపినంతా తిని ఆల్కహాలుగా మారుస్తుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు తక్కువ వేస్తారు కాబట్టి చేదు తగ్గుతుంది. ఆల్కహాలు సాధారణంగా 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. మాల్టు కంటే మొక్కజొన్న, చక్కెర చవక. అందువల్ల సరుకు కూడా చవక. మన వైన్ షాపుల్లో లైట్, స్ట్రాంగ్ అని అడిగి కొనే బీర్లలో స్ట్రాంగ్ అన్నది దీనికి దగ్గరి చుట్టమే. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 5 శాతం దాటి 8 శాతం దాకా ఉండవచ్చు. హైదరాబాదులో, విజయవాడలో అది తాగేవారి జాతి గుణం గురించి ఎవరూ సందేశాలు పంపుకోరు.

ఇక పుట్టుక. ఈ సందేశంలో అన్నింటికంటే పెద్ద అబద్ధం ఇక్కడే ఉంది.

అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసింది. ఆ తర్వాత బతికి బట్టకట్టిన బీరు కంపెనీలు కొత్త సరుకు కోసం వెతుకుతున్న కాలంలో ఇది పుట్టింది. తొలి మాల్ట్ లిక్కర్‌గా ఎక్కువమంది చెప్పే 'క్లిక్స్' 1937లో మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా అనే చిన్న ఊరిలో, గ్రాండ్ వ్యాలీ బ్రూయింగ్ కంపెనీలో తయారైంది. 1939లో న్యూజెర్సీలోని ట్రెంటన్ నుంచి 'షాంపేల్' వచ్చింది. పేరులోనే షాంపేన్ వినిపిస్తుంది. షాంపేన్ గ్లాసులో పోసుకుని తాగాల్సిన పానీయంగానే దాన్ని అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాల్టు కొరత వచ్చినప్పుడు మినియాపోలిస్‌లోని గ్లూక్ కంపెనీ 'స్టైట్' తయారు చేసింది. ఆ తయారీ పద్ధతికి ఆల్విన్ గ్లూక్ 1948లో పేటెంటు పొందాడు. 1950లలో మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్ నుంచి గోట్జ్ కంపెనీ తెచ్చిన సరుకు పేరు 'కంట్రీ క్లబ్'. ఆ కాలపు కంట్రీ క్లబ్బుల గేటు దాటి సభ్యుడిగా లోపలికి వెళ్లే అవకాశం నల్లజాతివారికి దాదాపు లేదు. ఆ పేరు పెట్టినవారి కళ్ల ముందున్న కొనుగోలుదారు ఎవరో వేరే చెప్పనక్కర లేదు. గోల్ఫ్ ఆడే, ఇంట్లో పార్టీ ఇచ్చే, కాస్త డాబు కోరుకునే తెల్లజాతి మధ్యతరగతి మనిషి.

'ఓల్డ్ ఇంగ్లిష్ 800' సంగతీ అంతే. తర్వాతి కాలంలో నల్లజాతి బస్తీలకు ప్రతీకగా నిలిచిన ఈ పానీయం మూలాలు 1940లలో మినెసోటాలోని డులూత్‌లో, అంటే కెనడా సరిహద్దుకు చేరువలో, చలి వణికించే సరస్సు ఒడ్డు పట్టణంలో ఉన్నాయి. తర్వాత చేతులు మారి, 1964లో ఆరెగాన్‌లోని పోర్ట్‌లండ్‌లో బ్లిట్జ్-వైన్‌హార్డ్ కంపెనీ చేతిలో ఇప్పటి పేరు తెచ్చుకుంది. బాల్టిమోర్‌కు చెందిన నేషనల్ బ్రూయింగ్ కంపెనీ 1963లో 'కోల్ట్ 45' తెచ్చినప్పుడు, 1960ల టీవీ ప్రకటనల్లో బల్ల ముందు కదలకుండా కూర్చుని పానీయం కోసం ఎదురుచూసేది బిల్లీ వాన్ అనే తెల్లజాతి నటుడు.

మరి ఇది నల్లజాతివారి పానీయమన్న ముద్ర ఎలా పడింది? అమ్మకాలు చూసుకున్న కంపెనీలకు ఒక విషయం తెలిసింది. నల్లజాతి వినియోగదారులు జనాభాలో తమ వాటాకు మించి దీన్ని కొంటున్నారు. తెల్లజాతి మధ్యతరగతి అనుకున్నంతగా కొనలేదు. అంతే, ప్రకటనల దిశ మారిపోయింది. 1970లలో కోల్ట్ 45 ప్రకటనల్లోకి హాస్యనటుడు రెడ్ ఫాక్స్ వచ్చాడు. 1980లలో సినిమా నటుడు బిల్లీ డీ విలియమ్స్ వచ్చి "ప్రతిసారీ పని చేస్తుంది" అన్నాడు. ఆడవారిని లొంగదీసుకోవడానికి అది సాధనమన్న సూచన ఆ మాటలో దాగి ఉంది. అన్‌హైజర్-బుష్ 1984లో 'కింగ్ కోబ్రా' తెచ్చింది. ష్లిట్జ్ కంపెనీ మాల్ట్ లిక్కర్ ప్రకటనల్లో ఎద్దు గోడలు బద్దలు కొట్టుకుని వచ్చేది. కోల్ట్ అంటేనే గుర్రపు పిల్ల. ఎద్దు, నాగుపాము, గుర్రం: ఈ జంతువులు ఊరికే రాలేదు. 1935 నాటి సమాఖ్య చట్టం బీరు సీసా మీద ఆల్కహాలు శాతం ముద్రించకుండా నిషేధించింది. అంకె రాయలేనివారు బొమ్మతో బలం చెప్పారు. సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని 1995లో, కూర్స్ కంపెనీ వేసిన కేసులో కొట్టివేసింది. అంటే అప్పటిదాకా, ఎంత మత్తు కొంటున్నాడో కొనేవాడికి లేబుల్ చూస్తే తెలిసేది కాదు. ఈ చరిత్రలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే.

నలభై ఔన్సుల సీసాను ర్యాప్ పాటగాళ్లు తెచ్చారన్నది మూడో మాట. సీసా పరిమాణాన్ని నిర్ణయించేది కంపెనీ, పాటగాడు కాదు. 1980లలో ఆ సీసా దుకాణాల్లోకి వచ్చింది, ఆ తర్వాతే పాటల్లోకి ఎక్కింది. దాని ప్రమాదం మాత్రం నిజం. నలభై ఔన్సులంటే 1183 మిల్లీలీటర్లు. అందులో 6 శాతం అంటే 71 మిల్లీలీటర్ల ఆల్కహాలు. సాధారణ అమెరికన్ బీరు డబ్బాలు నాలుగింటితో సమానం. 8 శాతమైతే ఐదు దాటుతుంది. మూత తీస్తే గ్యాసు పోతుంది, చల్లదనం తగ్గితే రుచి చెడుతుంది, కాబట్టి త్వరగా తాగేయాలనిపిస్తుంది. ర్యాపర్లకు ఇందులో పాత్ర లేదని నేను అనను. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన మెకెంజీ రివర్ కంపెనీ 'సెయింట్ ఐడ్స్' అనే తన మాల్ట్ లిక్కర్ కోసం ఐస్ క్యూబ్ వంటి పేరున్నవారితో పాటలే చేయించింది. కానీ డబ్బు పెట్టి పాట కొన్నవారిని వదిలేసి, పాడినవారి జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

"వాళ్లలో ఒక్కరూ తప్పని అనలేదు" అన్న మాట చదివినప్పుడు నిజంగా మనసు కష్టపెట్టుకున్నాను. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందానికి చెందిన చక్ డీ, తన గొంతును అనుమతి లేకుండా సెయింట్ ఐడ్స్ ప్రకటనలో వాడారని 1991లో దావా వేశాడు. అదే ఏడాది ఆ సీసాలకు వ్యతిరేకంగా పాట కూడా విడుదల చేశాడు. అంతకు ముందే, 1990లో, న్యూయార్క్‌లో నల్లజాతివారి ప్రాంతమైన హార్లెమ్‌లోని అబిసీనియన్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ కాల్విన్ బట్స్ తన సభ్యులతో కలిసి వీధుల్లోకి దిగి, మద్యం, సిగరెట్ల హోర్డింగుల మీద రంగు పూశాడు. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటాన్ని గర్వంగా చెప్పుకునే జాతి మనది. అలాంటి పోరాటమే ఇంకొకరు చేస్తే అది జరగనే లేదని రాయడం మనకు తగదు.

1991లోనే హైల్‌మన్ కంపెనీ 5.9 శాతం ఆల్కహాలుతో 'పవర్‌మాస్టర్' అనే మాల్ట్ లిక్కర్ తేవాలనుకుంది. అప్పటికి కోల్ట్ 45 కూడా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. ఈ కొత్త సరుకు గురి నల్లజాతి యువకులేనని అందరికీ అర్థమైంది. పౌర సంఘాలు, చర్చిలు ఏకమయ్యాయి. దేశ సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి, ఆంటోనియా నోవెల్లో బహిరంగంగా ఖండించింది. షికాగో మతాచార్యులు జార్జ్ క్లెమెంట్స్, మైకేల్ ఫ్లేగర్ విస్కాన్సిన్‌లోని కంపెనీ కార్యాలయానికి వెళ్లి నిరసన తెలిపి అరెస్టయ్యారు. పేరులోని 'పవర్' మత్తు బలాన్ని చాటుతోందంటూ, తానే ఇచ్చిన లేబుల్ అనుమతిని సమాఖ్య మద్యం శాఖ వెనక్కి తీసుకుంది. కంపెనీ ఆ సరుకును మానుకుంది. మార్కెట్లో నిలదొక్కుకోకముందే ఒక పానీయాన్ని ఆపేసిన ప్రజలను పట్టుకుని, వారు నోరెత్తలేదని ఎలా అంటాం?

ఇవన్నీ విన్నాక కొందరు అవతలి కొసకు వెళ్తారు. నల్లజాతిని నాశనం చేయడానికే ప్రభుత్వం దీన్ని కనిపెట్టిందంటారు. అయోనియా, ట్రెంటన్, మినియాపోలిస్ కథలు చూస్తే అదీ నిలబడదు. ఇక్కడ రహస్య పథకం వెతకనక్కర లేదు. లాభం ఎక్కడ కనిపిస్తే అక్కడికి ప్రకటనలు వెళ్లాయి, ఆ ప్రకటనలను పట్టుకుని సమాజం ముద్ర వేసింది.

చివరిది, సీసా చూసి మనిషిని అంచనా వేయమన్న సలహా. అమెరికన్ విశ్వవిద్యాలయాల పార్టీల్లో, రెండు చేతులకూ రెండు నలభై ఔన్సుల సీసాలు టేపుతో కట్టుకుని, అవి ఖాళీ అయ్యేదాకా విప్పకుండా తాగే ఆట ఒకటి ఉంది. ఆడేవారిలో తెల్లజాతి విద్యార్థులు ఎందరో. దాన్ని కుర్రతనం అంటారు. అదే సీసా నల్లజాతి యువకుడి చేతిలో ఉంటే గుణం అంటున్నారు. మన పిల్లలను హెచ్చరించాలనుకుంటే ఆ ఆట గురించి హెచ్చరించండి. ఒక రాత్రిలో అంత మద్యం శరీరానికి ఏం చేస్తుందో చెప్పండి. 2011లో పాబ్స్ట్ బీరు కంపెనీ ర్యాపర్ స్నూప్ డాగ్ ప్రచారంతో, పండ్ల రుచులతో, 12 శాతం ఆల్కహాలుతో 'బ్లాస్ట్' అనే డబ్బా తెచ్చినప్పుడు పలు రాష్ట్రాల అటార్నీ జనరళ్లు అభ్యంతరం చెప్పింది కూడా, అది కుర్రకారును ఆకట్టుకునేలా ఉందనే.