ఆసియా చరిత్రలో పీహెచ్‌డీ: గైడు సరే, భాష సంగతేంటి?

హిస్టరీలో ఎంఏ ముగించి పీహెచ్‌డీ చేద్దామనుకునే పిల్లలు హైదరాబాద్‌లో ముందుగా ఆరా తీసేది గైడు ఎవరు, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తుందా అని. తప్పుపట్టలేం. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ చూపిస్తే తప్ప ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. కానీ ఆసియా చరిత్ర ఎంచుకునేవాళ్లు అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, మూల పత్రాలు ఏ భాషలో చదవగలం అన్నది. అది లేకుండా చైనా మీదో ఇరాన్ మీదో థీసిస్ రాస్తే, ఇంగ్లిష్‌లో ఎవరో చెప్పినదాన్ని మళ్లీ అప్పజెప్పడమే.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌నే తీసుకోండి. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పాలనా పత్రాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. భాష పర్షియన్. తరగతిలో నేర్చుకున్న పర్షియన్ వాటి ముందు చాలదు. గుమాస్తాల చేతిరాత షికస్తా, అంటే గొలుసుకట్టు. రాసే తొందరలో చుక్కలు వదిలేస్తారు. చుక్కలు పోతే బే, పే, తే అక్షరాలు మూడూ ఒక్కలాగే ఉంటాయి, సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. జమాఖర్చులు ఇంకా కష్టం. వాటిని రాసే సియాఖ్ పద్ధతిలో అంకెలుండవు, అరబ్బీ సంఖ్యల పేర్లను కుదించిన గీతలుంటాయి. ఇది నెలల తరబడి పక్కన కూర్చోబెట్టి నేర్పాల్సిన విద్య.

మరి వ్యవధి? యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్, దాని తర్వాతొచ్చే సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కలిపినా డబ్బులొచ్చేది ఐదేళ్లే. ఎకనామిక్స్ స్కాలర్‌కూ, కొత్త లిపి దిద్దుకోవాల్సిన హిస్టరీ స్కాలర్‌కూ ఒకే కొలత పెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. భాషకని ఫెలోషిప్‌తో కూడిన ఒక ఏడాది విడిగా ఇవ్వాలి.

నేర్పేవాళ్లు లేరా అంటే, ఊళ్లోనే ఉన్నారు. ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ (మనూ)లో పర్షియన్ శాఖలున్నాయి, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ)లో చైనీస్, జపనీస్ చెబుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ స్కాలర్ అక్కడికెళ్లి చదివితే ఆ క్రెడిట్లు కోర్సువర్క్‌లో కలవాలి. వీసీలు కూర్చుని మాట్లాడుకుంటే తెమిలే పని ఇది.

తెలుగువాళ్లకు ఇంకో వెసులుబాటుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి బట్టలు ఇరాన్‌కూ, ఆగ్నేయాసియాకూ వెళ్లేవి. ఆ వ్యాపారం లెక్కలు డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉన్నాయి. ఆ కాగితాల్లో వంకరపోయిన మన ఊళ్ల పేర్లను, వర్తకుల పేర్లను గుర్తుపట్టడం తెలుగు వచ్చినవాళ్లకే సులువు. డచ్ మాత్రం ఎంఏ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టాలి, సీటొచ్చాక చూద్దాంలే అనుకుంటే కుదరదు.